చీరాలలో చిన్న దుకాణాలు, మగ్గం ఇళ్ళు: ఎవరి దగ్గర కొనాలో తెలిసినవాళ్ళు చెప్పండి

పేరాల అమ్మాయి | జూలై 6, రాత్రి 9:15

పదకొండేళ్ళు హైదరాబాదులో ఉండి ఈ ఏప్రిల్‌లో మళ్ళీ పేరాల వచ్చేశాను. నాన్నకు ఒంట్లో బాగుండటం లేదు, నాకు ఇంటి నుంచి పని చేసుకునే వీలు దొరికింది. వచ్చి చూస్తే మా వీధి చివర కిరాణా కొట్టు మూతపడింది. అమ్మ జాకెట్లు కుట్టించుకున్న టైలరు కొట్టు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఇంట్లో సబ్బు అయిపోతే నేనూ ఫోన్ తీసి ఆర్డర్ పెడుతున్నాను. అలా పెట్టిన ప్రతిసారీ మనసులో ఏదో గుచ్చుకుంటోంది.

మార్గశిరంలో చెల్లి పెళ్ళి. పెట్టుబడి చీరలు కొనాలి. బంధువులంతా విజయవాడ షోరూములకు వెళ్దామంటున్నారు. మగ్గాల ఊళ్ళో పుట్టి, చీరల కోసం దాదాపు నూరు కిలోమీటర్లు వెళ్ళడం నాకు ఇష్టం లేదు. కానీ నిజం చెప్పాలంటే ఇక్కడ ఎవరి దగ్గరకు వెళ్ళాలో నాకు తెలియదు. నేసేవాళ్ళ దగ్గర నేరుగా కొనవచ్చా? చీరలనే కాదు, జీడిపప్పు, చేపలు, కుట్టుపని, టిఫిన్లు, ఏదైనా సరే. సొంతంగా నడుపుకుంటున్న చిన్నవాళ్ళు ఎవరెక్కడ ఉన్నారో, వాళ్ళకు ఉపయోగపడేలా కొనాలంటే ఏం చేయాలో చెప్పండి.

గడియారస్తంభం కొట్టు | జూలై 6, రాత్రి 10:40

అమ్మా, ఇప్పుడే కొట్టు కట్టేసి వచ్చి నీ పోస్టు చూశాను. మాది నాన్నగారి కాలం నుంచి కిరాణా. నువ్వు అడిగావు కాబట్టి మనసులో ఉన్నది చెబుతాను.

ఇప్పుడు జనం నెల సరుకులు ఫోన్‌లో తెప్పించుకుంటారు, లేదా ఏసీ మార్ట్‌కు వెళ్తారు. మా దగ్గరకు వచ్చేది రాత్రి పూట కొబ్బరికాయకు, అర్ధ లీటరు పెరుగుకు, జీతం పడే ముందు అప్పుకు. అప్పు ఇవ్వడానికి నాకు బాధ లేదు, ఖాతా పుస్తకం మా నాన్న పెట్టిన అలవాటే. కానీ ఆన్‌లైన్ వాళ్ళకు సరుకు రాకముందే డబ్బు కట్టే మనిషి నా దగ్గర రెండు నెలలు ఖాతా లాగితే, నేను గుంటూరు హోల్‌సేల్ వాళ్ళకు ఏమని చెప్పాలి?

ఇంకో సంగతి బయటివాళ్ళకు తెలియదు. సబ్బులు, షాంపూలు, బిస్కెట్ల మీద కంపెనీలు మాకు మిగిల్చేది చాలా తక్కువ. మాకు కాస్త మిగిలేది విడి సరుకులో: కందిపప్పు, చింతపండు, ఎండుమిర్చి, బెల్లం. సబ్బులు ఎక్కడ కొన్నా పర్వాలేదు. పప్పులూ బెల్లం మాత్రం నెలకు ఒక చీటీ రాసి మీ దగ్గర్లోని కొట్లో ఇవ్వండి. ఇచ్చిన నెలలోనే డబ్బు కట్టేయండి. యూపీఐతో కట్టినా మాకు కోత లేదు. ఆ ఒక్క చీటీతో కొట్టు నిలబడుతుంది.

వేటపాలెం జీడి | జూలై 7, ఉదయం 7:05

పైన అన్నయ్య చెప్పిన మాట మాకూ వర్తిస్తుంది. వేటపాలెంలో జీడిపప్పు అనగానే జనం రోడ్డు మీద కారు ఆపి, పెద్ద గుండ్లు కావాలంటారు, బేరం చేస్తారు, పోతారు. కొనేముందు కొంచెం తెలుసుకుంటే మీకూ లాభమే.

ప్యాకెట్ మీద 210, 240, 320 అని ఉంటుంది. అది ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు ఎన్ని గుండ్లు తూగుతాయన్న లెక్క. అంకె పెరిగేకొద్దీ గుండు చిన్నదవుతుంది, రేటు తగ్గుతుంది. రుచిలో తేడా ఉండదు. పాయసానికీ ఉప్మాకీ 210 కొనడం దండగ. బద్దలు తీసుకోండి, ముక్క తీసుకోండి. గుండ్లు అందరూ కొంటారు, బద్దలే మా దగ్గర మిగిలిపోతాయి. మీరు బద్ద కొంటే మీ ఖర్చు తగ్గుతుంది, మా సరుకు కదులుతుంది.

జీడిగింజ తొక్కలో ఉండే రసం చర్మాన్ని కాలుస్తుంది. గింజలు కొట్టే ఆడవాళ్ళు చేతులకు నూనె, బూడిద రాసుకుని కూర్చుంటారు. మా అమ్మ వేళ్ళు ఇప్పటికీ నల్లగానే ఉంటాయి. కిలోకి పది రూపాయలు తగ్గించమని అడిగేముందు ఆ చేతులు ఒక్కసారి చూడండి. ఇది కోపంతో అనడం లేదు, నిజంగా వచ్చి చూడమంటున్నాను. ఎవరొచ్చినా షెడ్డు చూపిస్తాం.

ఒంగోలు ఉద్యోగి | జూలై 7, ఉదయం 11:20

నా అనుభవం వేరు, దాచకుండా చెబుతాను. మూడేళ్ళ కిందట మీ ఊళ్ళోనే ఒక కొట్లో మా ఆవిడకు చేనేత అని చెప్పి చీర ఇచ్చారు. మగ్గం చీరకు పెట్టే డబ్బే పెట్టాను. తెలిసినవాళ్ళకు చూపిస్తే అది పవర్‌లూమ్ అన్నారు. తిరిగి ఇవ్వబోతే బిల్లు లేదు కదా అన్నారు. అప్పటి నుంచి నేను బిల్లు ఇచ్చే పెద్ద షాపులోనే కొంటున్నాను. ఊరి మీద అభిమానం ఉంటే చాలదు, నమ్మకం ఉండాలి. అది ఎలా వస్తుందో చెప్పండి, నేనూ మీ దగ్గరే కొంటాను.

మగ్గం గుంట | జూలై 7, రాత్రి 9:50

మాది జాండ్రపేట. తాతల నుంచి నేతే. నాన్న మగ్గంలో కూర్చుంటారు, అమ్మ కండెలు చుడుతుంది. నేను డిగ్రీ చదివి బ్యాంకు పరీక్షలు రాస్తూ ఖాళీ ఉన్నప్పుడు నేస్తాను.

ఒంగోలు అన్నగారికి జరిగింది అన్యాయం. మా ఇంట్లో ఆ మాట వింటే ఎవరికైనా కడుపు మండుతుంది, ఎందుకంటే మా పేరు చెప్పే అది అమ్ముడుపోయింది. 1985 చట్టం ప్రకారం మగ్గం మీదే నేయాల్సిన రకాలు 11 ఉన్నాయి, వాటిలో చీరలూ ఉన్నాయి. చట్టం ఉంది కానీ కొట్లోకి వచ్చి చూసేవాళ్ళు తక్కువ. కాబట్టి మీరే చూసుకోవాలి. చేనేత మార్క్ లేబుల్ ఉందేమో చూడండి. చీర తిరగేసి చూడండి. మగ్గం మీద నేసినదానిలో ఎక్కడో ఒకచోట పేక (అడ్డపోగు) కాస్త ఒత్తుగానో పలచగానో పడుతుంది, మనిషి చెయ్యి కదా. మర నేసింది మొదటి నుంచి చివరి వరకు ఒకేలా ఉంటుంది. పట్టు అని చెబితే అంచు దగ్గర ఒక పోగు లాగి కాల్చమనండి. పట్టు కాలితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, నూలు కాలితే కాగితం వాసన. ఇవేవీ నూటికి నూరుపాళ్ళు పక్కా కాదు. అన్నిటికంటే గట్టిది బిల్లు. దాని మీద 'చేనేత' అని రాయించుకోండి. రాయడానికి వెనకాడిన కొట్లో కొనొద్దు.

ఇక పేరాల అక్కా, నువ్వడిగిన నేరుగా కొనడం గురించి. ఇది చాలామంది మంచి మనసుతో చేసే పొరపాటు. మా వీధిలోకి వచ్చి, మగ్గం మీద చీర చూసి, "ఇది మాకు ఇచ్చేయండి, కొట్టు కంటే ఎక్కువే ఇస్తాం" అంటారు. కానీ ఆ చీర మాది కాదు. పడుగు (నిలువు పోగులు), పేక, జరీ అన్నీ మాస్టర్ వీవర్ ఇస్తాడు. మేం నేసి చీర అప్పజెబితే మజూరీ ఇస్తాడు. అది బయటివాళ్ళకు అమ్మితే మర్నాడు మా మగ్గానికి పడుగు రాదు. సొంత నూలు పెట్టుకుని నేసే ఇళ్ళు ఇప్పుడు బాగా తక్కువ. ఒక పడుగుకు సరిపడా నూలు, జరీ కొనడానికి చేతిలో డబ్బు ఉండాలి, చీర అమ్ముడయ్యేదాకా తినడానికి ఉండాలి. ఆ రెండూ ఉన్న ఇల్లు మా వీధిలో ఒక్కటే.

బైపాస్ రోడ్డు | జూలై 8, ఉదయం 8:30

మగ్గం ఇళ్ళన్నీ గూగుల్ మ్యాప్‌లో పెట్టేస్తే? ఫొటోలు, ఫోన్ నంబర్లు అన్నీ. నేను రెండు ఆదివారాలు తిరిగి పెట్టేయగలను. టిఫిన్ బండ్లు, సైకిల్ రిపేరు కొట్లు కూడా. మ్యాప్‌లో లేని కొట్టు ఇప్పటి పిల్లలకు లేనట్టే.

మగ్గం గుంట | జూలై 8, ఉదయం 9:10

అన్నా, కొట్లు పెట్టు, బండ్లు పెట్టు, చాలా మంచి పని. ఇళ్ళు మాత్రం అడగకుండా పెట్టొద్దు. మగ్గం ఉన్న గదిలోనే మేం పడుకుంటాం, వండుకుంటాం. ఎవరో ఫోన్ పట్టుకుని లోపలికి వచ్చేస్తే ఆడవాళ్ళకు ఇబ్బంది. పైగా మ్యాప్‌లో పేరు పడితే దొంగచాటుగా చీరలు అమ్ముకుంటున్నారని మాస్టర్ వీవర్ అనుకోవచ్చు. టిఫిన్ బండ్ల వాళ్ళను కూడా అడిగే పెట్టు. ఏ టైముకు తెరుస్తారో, ఏ రోజు సెలవో సరిగ్గా రాయి. తప్పు టైము చూసి వచ్చి తిరిగి వెళ్ళినవాడు మళ్ళీ రాడు.

బైపాస్ రోడ్డు | జూలై 8, ఉదయం 9:25

నేను అంత దూరం ఆలోచించలేదు తమ్ముడూ. అడిగే పెడతాను.

పది మగ్గాలు | జూలై 8, రాత్రి 10:15

మాస్టర్ వీవర్ అన్న మాట ఇక్కడ రెండుసార్లు వచ్చింది. నేను అలాంటివాణ్ణే. నా కింద పది మగ్గాలు నడుస్తాయి. అందరూ మమ్మల్ని మధ్యలో కూర్చుని తినేవాళ్ళుగా చూస్తారు. అలాంటివాళ్ళు లేరని నేను చెప్పను. నా లెక్క మాత్రం వినండి.

నూలుకు, జరీకి, రంగుకు ముందే డబ్బు కడతాను. నేసినవాళ్ళకు చీర తేగానే మజూరీ ఇవ్వాలి, వాళ్ళ ఇంట్లో పొయ్యి దాని మీదే వెలుగుతుంది. నేను చీరలు తీసుకెళ్ళి పెద్ద ఊళ్ళ షాపులకు వేస్తాను. వాళ్ళు మూడు నెలలకు, నాలుగు నెలలకు డబ్బిస్తారు. అమ్ముడుపోనివి మడత నలిగి, ఒక్కోసారి మరకలతో తిరిగొస్తాయి. కిందటేడాది ఒక పెద్ద షాపు శ్రావణానికి తీసుకున్న సరుకు సంక్రాంతికి తిప్పి పంపింది. ఆ వడ్డీ నేనే కట్టాను.

మీరు షోరూములో కట్టే డబ్బులో మగ్గం దాకా వచ్చేది ఎంతో మీకు తెలియదు, ఆ షోరూము కూడా చెప్పదు. అందుకే నా మనవి ఒకటి. చీరాలలో కొనేటప్పుడు ఎవరి మగ్గాల మీద నేయించారని అడగండి. సొంత మగ్గాలున్నవాడు వెంటనే వీధి పేరు చెబుతాడు, కావాలంటే తీసుకెళ్ళి చూపిస్తాడు. ఇక్కడి బట్టల మార్కెట్ ఎంజీసీలోనూ అలాంటివాళ్ళు ఉన్నారు. అందరూ బయట సరుకు తెచ్చి అమ్మేవాళ్ళు కాదు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా పది మగ్గాల్లో ఏడింటి కింద, నేసేవాళ్ళు కాళ్ళు పెట్టుకునే గుంటల్లోకి నీళ్ళొచ్చాయి. పడుగులు తడిసి పాడయ్యాయి. గుంటలు తోడి, ఆరబెట్టి మళ్ళీ నేత మొదలయ్యేసరికి నెల దాటింది. ఆ నెల నేను ఎవరికీ మజూరీ మొత్తం ఎగ్గొట్టలేదు, సగమైనా ఇచ్చాను. షాపులు మాత్రం నాకు రావాల్సిన పాత బాకీ ఒక్క రూపాయి ముందు ఇవ్వలేదు.

ఈపూరుపాలెం మాస్టారు | జూలై 9, సాయంత్రం 5:30

నేను ముప్పై ఏళ్ళు ఈ చుట్టుపక్కల బళ్ళలో సోషల్ చెప్పాను. ఈ చర్చ చదువుతుంటే పిల్లలకు చెప్పిన పాఠాలే గుర్తొస్తున్నాయి.

చీరాల నుంచి ఒకప్పుడు ఆసియా రుమాళ్ళు ఓడలెక్కి అరబ్బు దేశాలకు, ఆఫ్రికాకు వెళ్ళేవి. తేలియా రుమాలు అన్నా అదే. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిదలో నానబెట్టి ఎరుపు, నలుపు రంగులు ఎక్కించేవారు. ఆ నూనె వాసన వల్లే ఆ పేరు. పుట్టింది ఇక్కడ. ఇప్పుడు ఆ పని పేరు నిలబెడుతున్నది తెలంగాణలోని పుట్టపాక నేతగాళ్ళు. 2020లో భౌగోళిక గుర్తింపు కూడా పుట్టపాకకే వచ్చింది. వాళ్ళు కష్టపడి నిలబెట్టుకున్నారు, వాళ్ళకు రావడం న్యాయం. మన దగ్గర కొనేవాళ్ళు పోయారు, రంగు వేసేవాళ్ళు పోయారు, చివరికి నేసేవాళ్ళూ పోయారు. ఒక విద్య ఊరు వదిలి వెళ్ళిపోవడానికి ఒక తరం చాలు.

ఇదే ఊరు 1921లో పన్నుల భారం మోయలేమని ఇళ్ళు వదిలేసి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట నడిచి, ఊరి బయట రామ్‌నగర్ అని పాకలు వేసుకుని నెలల తరబడి ఉంది. ఎండకూ వానకూ తట్టుకున్నారు. అలాంటి ఊళ్ళో పుట్టిన మనం ఒక చీర కొనేటప్పుడు ఇది ఎవరు నేశారని అడగలేమా అని నాకు అనిపిస్తుంది.

పిల్లలకు సెలవు రోజు వేటపాలెం సారస్వత నికేతనం చూపించండి. 1918లో మొదలైన గ్రంథాలయం. పాత పత్రికలు చూడటానికి ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు వస్తారు. వెళ్ళినరోజు ఆ వీధుల్లోనే టిఫిన్ తిని, జీడిపప్పు కొనుక్కుని రండి.

డాలస్‌లో చీరాల | జూలై 10, ఉదయం 6:40

నమస్కారం మాస్టారూ. మీ దగ్గర తొమ్మిదో తరగతి చదివాను, మీకు గుర్తుండకపోవచ్చు. ఇక్కడ మా తెలుగువాళ్ళ పండగలకు ఆడవాళ్ళు అందరూ చేనేత చీరలే కట్టుకుంటారు, కానీ ఆన్‌లైన్ పేజీల్లో కొంటారు. వాటిలో 'చీరాల కుప్పడం' అని రాసి ఉంటుంది. ఎవరి మగ్గమో ఎవరికీ తెలియదు. మేం పదిమందిమి కలిసి ఇస్తే ఎవరైనా నేరుగా నేసి పంపగలరా? అడ్వాన్సు ఇవ్వడానికి సిద్ధం. ఎవరికి ఇవ్వాలో తెలియకే ఇన్నాళ్ళు ఆగాం.

మగ్గం గుంట | జూలై 10, రాత్రి 8:45

ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నాను. నిన్న నాన్నతో కూర్చుని మాట్లాడాను. పది మగ్గాలు బాబాయితో కూడా ఫోన్‌లో మాట్లాడాను. ఆయన ఎవరో ఆయన రాసిన లెక్కలు చూడగానే గుర్తుపట్టాను. మేం నేసేది ఆయనకే.

జనం వచ్చి ఒక్క చీర నేసివ్వమంటారు. ఒక్క చీరకు పడుగు వేయలేం. మా మగ్గం మీద ఒక పడుగుకు ఆరు చీరలు దిగుతాయి. పడుగు పోయాలి, గంజి పెట్టాలి, పాత పడుగు పోగులతో కొత్త పోగులు ఒక్కొక్కటిగా అతకాలి. ఇంత పనీ ఒక చీరకైనా అంతే, ఆరింటికైనా అంతే. అందుకని ఆరుగురు కలిసి ఒక పడుగు తీసుకోండి. అడ్వాన్సు నూలుకు, జరీకి సరిపోతే చాలు. మజూరీ చీర మగ్గం నుంచి కోసినప్పుడు.

పడుగు రంగు ఆరు చీరలకూ ఒకటే. అంచు కూడా పడుగులోనే వస్తుంది కాబట్టి అదీ ఒకటే. పేక రంగు మాత్రం ఒక్కో చీరకు మార్చుకోవచ్చు. పడుగు నీలం వేసి, ఒక దానికి పేక ఎరుపు, ఇంకో దానికి ఆకుపచ్చ ఇస్తే రెండు చీరలు పక్కపక్కన పెట్టినా ఒకే పడుగు అని ఎవరూ చెప్పలేరు. వెలుగు పడినప్పుడు రంగు మారి మెరుస్తుంది. పైట కొంగు కూడా మార్చవచ్చు. బుటా డిజైన్ మార్చాలంటే మగ్గం మీద డిజైన్ ఎత్తే జకార్డుకు కొత్త అట్టలు కొట్టించాలి, ఖర్చు పెరుగుతుంది. ఉన్న అట్టల్లో నచ్చింది ఎంచుకోండి.

ఒక చీరకు మా నాన్నకు నాలుగు రోజులు పడుతుంది. ఆరు చీరలకు నెల అనుకోండి. కార్తీకంలో వానలు, తుఫాన్లు. గుంటలో చెమ్మ ఎక్కితే పోగులు తెగుతాయి. పెళ్ళి మార్గశిరంలో అంటే పడుగు శ్రావణంలో ఎక్కాలి. బాబాయి నూలు తెప్పిస్తారు, ఆయన కష్టానికి ఎంత తీసుకుంటారో ముందే కాగితం మీద రాసిస్తారు. మజూరీ ఎంతో కూడా అందులోనే ఉంటుంది. ఆరుగురూ చూడవచ్చు.

పేరాల అమ్మాయి | జూలై 10, రాత్రి 9:02

నాకు మూడు చీరలు. తమ్ముడూ, కళ్ళు చెమర్చాయి. మాకు ఇంత దగ్గర్లో ఉన్నారు మీరు.

డాలస్‌లో చీరాల | జూలై 10, రాత్రి 9:30

ఈ పడుగులో నాకు ఒకటి. మిగతావాళ్ళలో ఆరుగురికి దసరా తర్వాత ఇంకో పడుగు. అడ్వాన్సు రేపే పంపిస్తాను.

ఒంగోలు ఉద్యోగి | జూలై 11, ఉదయం 10:00

కాగితం మీద మజూరీతో సహా రాసిస్తామన్నారు. నేను అడిగిన నమ్మకం ఇదే. ఒకటి నాకు. పేక ఎరుపు. పడుగు ఎక్కించే రోజు మా ఆవిడతో వచ్చి చూడవచ్చా?

మగ్గం గుంట | జూలై 11, ఉదయం 10:12

తప్పకుండా రండి అన్నగారూ. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే.

ఈపూరుపాలెం మాస్టారు | జూలై 11, ఉదయం 11:00

ఆరోది నాకు రాయండి. మా కోడలికి.

వాడరేవు | జూలై 12, సాయంత్రం 6:15

చీరల పడుగు నిండిపోయింది, సంతోషం. సముద్రం వైపు మాట కూడా ఒకటి చెప్పనివ్వండి. శని, ఆదివారాలు వాడరేవుకూ రామాపురానికీ కార్లు బారులు తీరుతాయి. రిసార్టులో దిగి, రిసార్టులో తిని, రిసార్టు నుంచే వెళ్ళిపోతారు. ఊళ్ళోకి రాని టూరిస్టు వల్ల ఊరికి మిగిలేది ట్రాఫిక్. మీ బంధువులు వస్తే పొద్దున్నే రేవుకు తీసుకురండి. పడవలు ఒడ్డుకు వచ్చే వేళకు మా ఆడవాళ్ళు తట్టలతో ఉంటారు. అప్పుడే పట్టిన చేప. తూకం మీ కళ్ళ ముందే. శుభ్రం చేయించుకుంటే ఆ కూలి వేరుగా ఇవ్వండి, అది చేసే ముసలామెకు అదే రోజు సంపాదన. రేవులో ఐస్ పెట్టెలు దొరకవు, మీరే తెచ్చుకోండి.

కుట్టుమిషన్ | జూలై 13, మధ్యాహ్నం 3:00

చీరలు వచ్చాక ఫాల్, జిగ్‌జాగ్, జాకెట్లు కావాలి కదా. నేను కొత్తపేటలో ఇంట్లోనే కుడతాను. ఆరేళ్ళ నుంచి. బోర్డు లేదు, నోటి మాట మీదే పని. కేంద్ర ప్రభుత్వ పీఎం విశ్వకర్మ పథకంలో టైలర్లు ఉన్నారని తెలిసి అప్లై చేసుకున్నాను. శిక్షణ పూర్తయింది, పనిముట్లకు ఇచ్చే 15,000 రూపాయల సాయంతో కొత్త మోటారు మిషన్ తీసుకున్నాను. తెలియని చెల్లెళ్ళు ఎవరైనా ఉంటే దగ్గర్లోని కామన్ సర్వీస్ సెంటర్‌లో (సీఎస్‌సీ) అడగండి.

నాకున్న ఒకే బాధ చెబుతాను. పెళ్ళి రెండు రోజుల్లో ఉందనగా పది జాకెట్లు తెచ్చి, రాత్రంతా కుట్టించుకుని, కుదరలేదని సగం డబ్బే ఇచ్చి వెళ్ళినవాళ్ళు ఉన్నారు. కొలత జాకెట్ ఇవ్వండి, పదిహేను రోజులు టైము ఇవ్వండి, ఒకసారి వేసుకుని చూడటానికి రండి. నా కుట్టులో తప్పుంటే ఊరికే సరిచేస్తాను. పేరాల అక్కా, నీ మూడు చీరలకు నేను సిద్ధం.

పేరాల అమ్మాయి | ఆగస్టు 8, రాత్రి 9:40

అందరికీ చెప్పాలని కూర్చున్నాను. నిన్న చేనేత దినోత్సవం. 1905లో అదే రోజు స్వదేశీ ఉద్యమం మొదలైందని 2015 నుంచి జరుపుతున్నారు. పనిగట్టుకుని ఎంచుకోలేదు కానీ మా పడుగు అతకడం నిన్ననే పూర్తయింది. ఒంగోలు నుంచి ఆయన, భార్య వచ్చారు. మాస్టారు మనవణ్ణి తీసుకొచ్చారు.

పోగులు అతకడం నేను మొదటిసారి చూశాను. పాత పోగు, కొత్త పోగు పక్కపక్కన పెట్టి, వేళ్ళకు కాస్త బూడిద రాసుకుని ఒక్క మెలి తిప్పుతారు. అలా వేల పోగులు. మాట్లాడుతూనే ఉంటారు, వేళ్ళు మాత్రం ఆగవు. మాస్టారు మనవడు లెక్కపెట్టబోయి మూడు వందల దగ్గర వదిలేశాడు. ఒంగోలు ఆవిడ అడిగారు, ఇంతసేపు కూర్చుంటే నడుము నొప్పి రాదా అని. తమ్ముడి వాళ్ళమ్మ నవ్వి, రాకుండా ఎలా ఉంటుందమ్మా అన్నారు.

కాగితంలో మజూరీ అంకె చూశాక మేం నలుగురం మాట్లాడుకుని, చీరకు కొంత కలిపి ఇస్తామన్నాం. తమ్ముడి నాన్నగారు వద్దన్నారు. "రాసుకున్నది రాసుకున్నట్టే ఇవ్వండి, వచ్చే ఏడాది కూడా రండి" అన్నారు.

నెల సరుకుల చీటీ గడియారస్తంభం అన్నయ్యకు ఇచ్చాను, రెండోసారి. జీడిపప్పు బద్దలు వేటపాలెం నుంచి పెళ్ళి వంటలకు చెప్పేశాను.

గడియారస్తంభం కొట్టు | ఆగస్టు 8, రాత్రి 10:30

చీటీ వచ్చిందమ్మా. నిన్ను చూసి మీ వీధిలోవాళ్ళు ఇంకో ఇద్దరు ఇచ్చారు. బెల్లం కొత్తది ఎల్లుండి దిగుతుంది, అప్పుడు పంపుతాను.

బైపాస్ రోడ్డు | ఆగస్టు 9, ఉదయం 7:50

ఇప్పటికి అడిగి, ఒప్పుకున్నవాళ్ళను 23 మందిని మ్యాప్‌లో పెట్టాను. టిఫిన్ బండ్లు తొమ్మిది, సైకిల్ రిపేరు మూడు, మిగతావి చిల్లర కొట్లు. కుట్టుమిషన్ చెల్లెమ్మా, నీది కూడా పెట్టనా? ఇంటి నంబరు లేకుండా వీధి పేరు వరకే వేస్తాను.

కుట్టుమిషన్ | ఆగస్టు 9, ఉదయం 8:20

పెట్టు అన్నయ్యా. ఉదయం పది నుంచి సాయంత్రం ఆరు. ఆదివారం లేదు.

మగ్గం గుంట | సెప్టెంబరు 6, సాయంత్రం 7:10

ఐదు చీరలు దిగాయి. ఆరోది కొంగు దగ్గర ఉంది. బాబాయి డాలస్ వాళ్ళ రెండో పడుగుకు నూలు చెప్పేశారు, అది మా పక్కింటి మగ్గం మీద ఎక్కుతుంది. వాళ్ళకు రెండు నెలల నుంచి పడుగు లేదు.

రేపు ఉదయం చీరలు కోస్తున్నాం. రావాలనుకున్నవాళ్ళు తొమ్మిదింటికి రండి. రంగులు పగటి వెలుతురులో చూసుకుంటేనే బాగా తెలుస్తాయి. మాస్టారూ, మీ చీరే చివర కోసేది, కాబట్టి మీరు నిదానంగా బయలుదేరినా పర్వాలేదు.